ఓడ రంగు ఆరేలోపు గాలిలోకి పోయేదెంత: షిప్‌యార్డు పెయింటింగ్ కాలుష్యం, దాన్ని తగ్గించే లెక్క

ఓడకు వేసే ఎపాక్సీ పెయింటులో ప్రధానంగా మూడు ఉంటాయి. ఉక్కును పట్టుకుని ఉండే రెజిన్ ఒకటి, రంగునూ తుప్పు నుంచి రక్షణనూ ఇచ్చే పిగ్మెంటు రెండోది, ఈ రెండూ స్ప్రే గన్‌లోంచి బయటికి రాగలిగేంత పలుచగా ఉంచే ద్రావకం మూడోది. మొదటి రెండూ ఏళ్ల తరబడి ఓడ మీద ఉంటాయి. ద్రావకం పని గన్ నుంచి ఉక్కు దాకా, ఆపైన పొర సమంగా పరుచుకునేదాకా మాత్రమే. ఆ తర్వాత అది ఆవిరైపోతుంది. ఒక పెద్ద ఓడకు పెయింటు టన్నుల లెక్కన పడుతుంది కాబట్టి ఈ ఆవిరి కూడా టన్నుల్లోనే ఉంటుంది.

ఆ ఆవిరిలో ఎక్కువగా ఉండేవి జైలీన్, ఇథైల్ బెంజీన్, బ్యూటనాల్, కొన్ని కీటోన్లు. తేలిగ్గా ఆవిరయ్యే ఇలాంటి కర్బన పదార్థాలన్నిటినీ కలిపి వీఓసీలంటారు. పీల్చినవాళ్లకు తలనొప్పి, మత్తు, కళ్ల మంట వస్తాయి. ఊరికి జరిగే నష్టం మరో దారిలో వస్తుంది. లారీలు, బాయిలర్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లతో ఈ ఆవిరి ఎండలో చర్య జరిపితే నేల మట్టాన ఓజోన్ పుడుతుంది. మన జాతీయ గాలి ప్రమాణాల్లో ఓజోన్‌కు 8 గంటల సగటున ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములే పరిమితి. అన్ని ద్రావకాలూ ఒకే మోతాదులో ఓజోన్‌ను పుట్టించవు. అనుకూల పరిస్థితుల్లో ఒక గ్రాము జైలీన్ 7 గ్రాములకు పైగా ఓజోన్‌కు కారణమైతే, ఒక గ్రాము బ్యూటైల్ అసిటేట్ నుంచి వచ్చేది 1 గ్రాము కంటే తక్కువే. అందువల్ల ద్రావకం ఎంత ఉందన్నదానితో పాటు ఏ ద్రావకం ఉందన్నది కూడా చూడాలి.

విశాఖపట్నానికి ఇది దూరపు సంగతి కాదు. 1941లో మొదలై, 1948లో 'జల ఉష'ను నీటిలోకి దింపిన హిందుస్థాన్ షిప్‌యార్డు అక్కడే ఉంది. నేవల్ డాక్‌యార్డు కూడా అక్కడే. మల్కాపురం, శ్రీహరిపురం వంటి జనావాసాలు వీటికి దగ్గర్లోనే ఉన్నాయి. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు ఉండటంతో నగరం ఒక గిన్నెలో కూర్చున్నట్టు ఉంటుంది. చలికాలపు రాత్రుల్లో పైన వెచ్చటి గాలి పొర మూతలా పడితే కింద వదిలింది కిందే తిరుగుతుంది. జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద గుర్తించిన నగరాల్లో విశాఖ కూడా ఉంది. అయితే ఆ కార్యక్రమం లక్ష్యాలు ప్రధానంగా ధూళి కణాల గురించినవి. పెయింటు ఆవిరి ఆ లెక్కలోకి సరిగా రాదు. దాన్ని యార్డు తనంతట తానే లెక్కపెట్టుకోవాలి.

డబ్బా మీది అంకె, అసలు అంకె

పెయింటు డేటా షీటులో వీఓసీని లీటరుకు ఇన్ని గ్రాములని రాస్తారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ ఓడకు కావాల్సింది లీటర్ల పెయింటు కాదు, ఇన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడి పొర. లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

పది వేల చదరపు మీటర్ల ఉక్కు మీద 250 మైక్రాన్ల పొడి పొర కావాలనుకుందాం. ఆరాక మిగలాల్సిన గట్టి పదార్థం 2,500 లీటర్లు. స్ప్రేలో 30 శాతం వృథా అవుతుందనుకుంటే గన్‌లోంచి రావాల్సింది సుమారు 3,570 లీటర్ల గట్టి పదార్థం. సగానికి సగం ద్రావకమే ఉండే పాతరకం ఎపాక్సీతో ఈ పని చేస్తే 7,140 లీటర్ల పెయింటు పడుతుంది. అందులో 3,570 లీటర్లు ద్రావకం. జైలీన్ లీటరు 0.87 కిలోలు తూగుతుంది కాబట్టి గాలిలోకి పోయేది దాదాపు 3,100 కిలోలు. అదే పనికి 80 శాతం గట్టి పదార్థం ఉన్న హై సాలిడ్స్ ఎపాక్సీ వాడితే 4,460 లీటర్లు చాలు. ద్రావకం 890 లీటర్లు, బరువులో 780 కిలోల లోపు.

డబ్బాల మీద చూస్తే మొదటిదానికి లీటరుకు 435 గ్రాములు, రెండోదానికి 174 గ్రాములు ఉంటుంది. రెండున్నర రెట్ల తేడా అనిపిస్తుంది. గాలిలో తగ్గింది మాత్రం నాలుగు రెట్లు. ఎందుకంటే రెండో పెయింటులో ద్రావకం తక్కువ కావడమే కాదు, ఆ పెయింటే తక్కువ లీటర్లు పడుతుంది. కాబట్టి పోల్చాల్సింది లీటరు గట్టి పదార్థానికి ఎన్ని గ్రాముల ద్రావకం అన్నది. ఆ లెక్కలో మొదటిది 870, రెండోది 217.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1995 డిసెంబరులో ఓడల పెయింటింగ్‌కు తెచ్చిన నియమంలో ఈ తర్కమే ఉంది. ప్రమాదకర జాబితాలోని ద్రావకాలు సాధారణ పెయింటులో లీటరుకు 340 గ్రాములు, నాచు, గవ్వలు అంటకుండా ఓడ అడుగున వేసే యాంటీఫౌలింగ్‌లో 400 గ్రాములు మించకూడదు. పెయింటును ఇంకా పలుచన చేయడానికి పైనుంచి పోసే ద్రావకం, అంటే థిన్నర్, కలిపితే మాత్రం లెక్క గట్టి పదార్థం మీదికి మారుతుంది. సాధారణ పెయింటుకు లీటరు గట్టి పదార్థానికి 571 గ్రాములు పరిమితి. యార్డులో కలిపే థిన్నర్‌ను దాచిపెట్టే దారి అలా మూసుకుపోయింది. ఆ నియమం మొత్తంలో ఇదే అన్నిటికన్నా తెలివైన భాగమని మా అభిప్రాయం.

థిన్నర్ చేసే నష్టం

20 లీటర్ల హై సాలిడ్స్ పెయింటులో 16 లీటర్లు గట్టి పదార్థం, 4 లీటర్లు ద్రావకం ఉంటాయి. స్ప్రే చేసేవాడు 'పది శాతమే కదా' అని 2 లీటర్ల థిన్నర్ పోస్తే ద్రావకం 4 నుంచి 6 లీటర్లవుతుంది. అంటే ఆవిరి ఒక్కసారిగా 50 శాతం పెరిగింది. పాతరకం పెయింటులో ఇదే 2 లీటర్లు 20 శాతమే పెంచేవి. పెయింటు ఎంత మంచిదైతే థిన్నర్ దాన్ని అంత ఎక్కువగా చెడగొడుతుంది. పై ఉదాహరణలో పని మొత్తానికి ఇలా కలిపితే దాదాపు 390 కిలోలు అదనంగా గాలిలోకి పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 150 మైక్రాన్ల పొడి పొర కోసం 80 శాతం పెయింటు తడిగా 188 మైక్రాన్లు వేయాలి. థిన్నర్ కలిపాక గట్టి పదార్థం 73 శాతానికి పడిపోతుంది, తడి పొర 206 మైక్రాన్లు ఉండాలి. స్ప్రేయర్ తడి పొర మందం కొలిచే తన దువ్వెన గేజీలో పాత అంకే చూసుకుంటే ఆరాక పొర తక్కువ తేలుతుంది, ఇన్‌స్పెక్టర్ ఇంకో కోటు వేయమంటాడు. ఆ కోటు ద్రావకం కూడా గాలికే.

మరి థిన్నర్ ఎందుకు పోస్తారు? గన్ సరిగా కొట్టకపోవడం వల్ల. అందుకే థిన్నర్ పోయొద్దని బోర్డు పెడితే సరిపోదు, గన్ ఎందుకు కొట్టడం లేదో చూడాలి. పెయింటు చల్లగా ఉంటే చిక్కబడుతుంది. చలి ప్రాంతాల యార్డులు డబ్బాలను రాత్రంతా 20–25 డిగ్రీల గదిలో ఉంచి, అవసరమైతే గొట్టంలో హీటర్ పెడతాయి. విశాఖలో సమస్య తిరగబడుతుంది. మధ్యాహ్నం ఎండలో ఉక్కు ముట్టుకోలేనంతగా కాలుతుంది. బిందువు ఉక్కును చేరేలోపే సగం ఆరి పొడిలా పడుతుంది. దీన్నే డ్రై స్ప్రే అంటారు. దాన్ని సరిచేయడానికి థిన్నర్ పోస్తారు. దానికి బదులు గన్‌ను ఉక్కుకు 30 సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి, ఎండ పడే వైపును పొద్దున్నే లేదా సాయంత్రం ముగించాలి. పొద్దున్న పని పెట్టుకుంటే మంచు తేమను చూసుకోవాలి. ఉక్కు ఉష్ణోగ్రత డ్యూ పాయింటు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా, గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలి. సముద్రపు ఒడ్డున ఈ రెండు షరతులూ కుదిరే గంటలు తక్కువ. ఆ గంటల చుట్టూ పనిని అల్లుకోవడమే ప్లానింగ్ విభాగం చేయగల పెద్ద సాయం.

గన్ దగ్గర పోయేది

షిప్‌యార్డుల్లో ఎక్కువగా వాడేది గాలి కలపకుండా ఒత్తిడితోనే పెయింటును చిమ్మే ఎయిర్‌లెస్ స్ప్రే. ఒత్తిడిని 45 రెట్లు చేసే 45:1 పంపుకు 5 బార్ గాలి ఇస్తే పెయింటు మీద దాదాపు 225 బార్ ఒత్తిడి పడుతుంది. గన్ మూతికి ఉండే టిప్ మీది అంకెలోనే దాని కొలత ఉంటుంది. 521 అంటే అడుగు దూరంలో 10 అంగుళాల వెడల్పు ఫ్యాన్ (విసనకర్రలా పరుచుకునే పెయింటు ధార), 0.021 అంగుళం రంధ్రం. రాపిడికి ఆ రంధ్రం 0.025కు పెరిగితే వైశాల్యం 42 శాతం పెరుగుతుంది, ఫ్యాన్ మాత్రం కుంచించుకుపోతుంది. మధ్యలో పెయింటు మందంగా పడి కారుతుంది, అంచుల్లో పలుచబడుతుంది. ఫ్యాన్ వెడల్పు పావు వంతు తగ్గగానే టిప్ మార్చేయాలి. కొత్త టిప్ ధర వృథా అయ్యే పెయింటు ధర ముందు లెక్కలోకి రాదు.

ఒత్తిడి ఎక్కువ ఉంటే పని వేగంగా సాగుతుందనుకోవడం కూడా పొరపాటే. ఎక్కువ ఒత్తిడికి పెయింటు పొగమంచులా చెదిరిపోతుంది, ఉక్కును తాకి వెనక్కి ఎగురుతుంది. ఫ్యాన్ రెండు చివర్లలో తోకల్లా గీతలు కనబడకుండా పోయే కనీస ఒత్తిడి దగ్గర ఆపాలి. చేయి విల్లులా తిప్పకుండా గన్‌ను ఉక్కుకు నిటారుగా పట్టాలి. గాలి సెకనుకు 7 మీటర్లు దాటితే బయటి స్ప్రే ఆపేయాలి. అంచులు, వెల్డు గీతలు, రంధ్రాల చుట్టూ బ్రష్షుతో స్ట్రైప్ కోటు వేస్తే అక్కడ గన్‌తో గాలిలోకి కొట్టే పని తగ్గుతుంది. ఈ జాగ్రత్తలన్నీ కలిసి వృథాను 30 నుంచి 20 శాతానికి తెచ్చినా, మన హై సాలిడ్స్ ఉదాహరణలో 780 కిలోలు 680 అవుతుంది. పైసా యంత్రం కొనకుండా వంద కిలోలు.

గొట్టాలు కడగడం ఎవరూ లెక్కించని ఖాతా. 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 60 మీటర్ల పొడవు ఉన్న గొట్టంలోనే 4.7 లీటర్ల పెయింటు ఉంటుంది. దాన్ని శుభ్రం చేయాలంటే థిన్నర్‌ను అంతకు రెండు మూడు రెట్లు తోయాలి. తెరిచిన బకెట్టులోకి ఒత్తిడితో గన్ కొడితే అందులో చాలా భాగం అక్కడికక్కడే ఆవిరవుతుంది. టిప్ తీసేసి, తక్కువ ఒత్తిడితో, మూత ఉన్న డ్రమ్ములోకి వదలాలి. ఈరోజు చివరి కడుగు థిన్నర్‌ను రేపటి మొదటి కడుగుకు వాడితే వాడకం దాదాపు సగమవుతుంది. మురికి థిన్నర్‌ను స్వేదనం చేసి మళ్లీ కడగడానికే వాడుకోవచ్చు.

ఓడ నిలకడ కోసం సముద్రపు నీరు నింపే బ్యాలస్ట్ ట్యాంకుల్లో ఇంకో మెట్టు ముందుకు వెళ్లొచ్చు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2006లో తెచ్చిన ప్రమాణం ప్రకారం కొత్త ఓడల ఈ ట్యాంకుల్లో ఎపాక్సీ పొర 320 మైక్రాన్లు ఉండాలి, 15 ఏళ్లు మన్నేలా ఉండాలి. దీన్ని ద్రావకం దాదాపుగా లేని ఎపాక్సీతోనూ సాధించవచ్చు. ఆ పెయింటు చిక్కన. థిన్నర్‌కు బదులు వేడితో, సుమారు 40–50 డిగ్రీలకు తెచ్చి పలుచన చేస్తారు. ఎపాక్సీలోని రెండు భాగాలు, అంటే బేస్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, వేడిలో కలిశాక నిమిషాల్లో గట్టిపడుతుంది. అందుకే రెండింటినీ వేర్వేరు గొట్టాల్లో పంపి గన్‌కు దగ్గర్లో కలిపే ప్లూరల్ కాంపొనెంట్ పంపు కావాలి. కడగాల్సింది కలిసిన చోటు నుంచి గన్ దాకా ఉన్న చిన్న గొట్టం మాత్రమే. మిగిలిపోయి డబ్బాలోనే గడ్డకట్టే పెయింటూ ఉండదు. మూసి ఉన్న ట్యాంకులో మనుషులకూ మేలు. జైలీన్ ఆవిరి గాలిలో సుమారు 1 శాతానికి, అంటే ఘనమీటరుకు 43 గ్రాములకు చేరితే అంటుకుంటుంది. పదో వంతు దగ్గరే ఆపాలంటే ఒక్క కిలో ద్రావకానికి 230 ఘనమీటర్ల గాలి తోలాలి. ఆ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి ట్యాంకు అడుగు నుంచే లాగాలి.

ఈ పంపుతో వచ్చే ప్రమాదం నిష్పత్తి తప్పడం. ఒక వైపు వడపోత మూసుకుపోయి హార్డెనర్ తగ్గితే పొర ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. దాన్ని గీకి, ఉక్కును మళ్లీ బ్లాస్టింగ్ (గరుకు రేణువులు వేగంగా కొట్టి శుభ్రం చేయడం) చేసి, మళ్లీ వేయాలి. ప్రతి షిఫ్టు మొదట్లో రెండు వైపుల నుంచి విడివిడిగా పట్టి తూకం వేస్తే ఈ తిప్పలు తప్పుతాయి.

పట్టగలిగే గాలి, పట్టలేని గాలి

ఉక్కు ప్లేట్లు యార్డులోకి రాగానే 15–20 మైక్రాన్ల షాప్ ప్రైమర్ (తాత్కాలికంగా తుప్పు ఆపే పూత) వేస్తారు. డబ్బా మీద చూస్తే ఎక్కువ ద్రావకం ఉండేవాటిలో ఇదొకటి. అయినా అదుపు చేయడం దీనికే సులువు. పని అంతా మూసిన లైనులో, యంత్రంతో, ఒకే చోట జరుగుతుంది. ఆవిరి చిక్కగా ఒకే గొట్టంలోకి వస్తుంది. నీరు తోడేసిన డ్రై డాక్‌లో హల్ (ఓడ బయటి పొట్ట) చుట్టూ మాత్రం ఎంత తక్కువ వీఓసీ పెయింటు వాడినా వెలువడేదాన్ని పట్టే గొట్టం లేదు.

కాబట్టి పనిని డాక్ నుంచి పెయింట్ హాల్‌లోకి జరపాలి. ఓడను బ్లాకులుగా, అంటే పెద్ద ముక్కలుగా, కట్టేటప్పుడే వాటిని హాల్‌లో బ్లాస్ట్ చేసి పెయింట్ వేస్తే ఆవిరిని పట్టే వీలుంటుంది. దీన్ని చెడగొట్టేది వెల్డింగు. పెయింటయ్యాక ఒక బ్రాకెట్టో పైపు సపోర్టో అతికిస్తే ఉక్కు వెనక వైపు పెయింటు కూడా కాలిపోతుంది. ఆ మచ్చలన్నీ తర్వాత బయట, చేతితో, ఎక్కువ వృథాతో సరిచేయాలి. డ్రాయింగులు ఆలస్యమైతే పెయింట్ షాపు ఉద్గారాలు పెరుగుతాయన్నది డిజైన్ ఆఫీసుకు తెలియాలి. పైపులు, సపోర్టులు, నిచ్చెనలు అన్నీ పెయింటుకు ముందే వెల్డయిపోవాలి. బ్లాకు అంచుల్లో, కలిపే చోట 50–100 మిల్లీమీటర్లు టేపు వేసి వదలాలి.

హాల్‌లో ఒక ఇబ్బంది ఉంది. 30 మీటర్ల పొడవు, 30 వెడల్పు, 15 ఎత్తు ఉన్న హాల్‌లో గాలి గంటకు ఐదుసార్లు మారాలంటే 67,500 ఘనమీటర్లు లాగాలి. గంటకు 60 కిలోల ద్రావకం ఆవిరైనా గాలిలో ఉండేది ఘనమీటరుకు 0.9 గ్రాములే. ఆవిరిని 800 డిగ్రీల పైన కాల్చేసే ఆర్‌టీవో (రీజనరేటివ్ థర్మల్ ఆక్సిడైజర్) యంత్రం గ్యాసు లేకుండా తనంతట తాను మండాలంటే దాదాపు 1.5–2 గ్రాములు కావాలి. ఇంత పలుచని గాలిని నేరుగా కాలిస్తే వీఓసీ తగ్గించడానికి గ్యాసు తగలబెట్టినట్టే. అందుకే మధ్యలో జియోలైట్ అనే సన్న రంధ్రాల ఖనిజంతో చేసిన చక్రం పెడతారు. అది ఆవిరిని పట్టుకుని, మొదటి గాలిలో పదో వంతే ఉండే వేడి గాలిలోకి దాన్ని వదులుతుంది. 67,500 కాస్తా 6,750 ఘనమీటర్లు అవుతుంది, గాఢత 9 గ్రాములకు పెరుగుతుంది. మండే ప్రమాదానికి ఇంకా చాలా కిందే ఉంటుంది, ఆర్‌టీవో దానంతటదే నడుస్తుంది.

ఈ యంత్రాలు చెడిపోవడం దాదాపు ఎప్పుడూ ముందున్న ఫిల్టర్ల దగ్గరే మొదలవుతుంది. ఎగిరిన పెయింటు తుంపరలు చక్రం రంధ్రాల్లో గడ్డకడితే ఇక దాన్ని కడిగి లాభం లేదు. మోటు వడపోత, దాని వెనక సన్న వడపోత, రెండింటి మధ్య ఒత్తిడి తేడా చూపే గేజీ తప్పనిసరి. నాచు అంటుకోకుండా జారిపోయేలా చేసే సిలికోన్ ఫౌల్ రిలీజ్ పెయింట్లు హాల్‌లో వేస్తే వాటి ఆవిరి కాలి ఇసుకలాంటి సిలికాగా మారి ఆర్‌టీవోలో వేడిని నిలిపే పింగాణీ రంధ్రాలను మూసేస్తుంది. చక్రానికి బదులు యాక్టివేటెడ్ కార్బన్ పెట్టేవాళ్లు తేమ గురించి, అంతకంటే ముఖ్యంగా కీటోన్ల గురించి జాగ్రత్తపడాలి. కార్బన్ మీద కీటోన్లు వేడి పుట్టించి మంటలకు దారితీసిన సందర్భాలున్నాయి. కార్బన్ పొరలో ఉష్ణోగ్రత, బయటికొచ్చే గాలిలో కార్బన్ మోనాక్సైడు కొలిచే సెన్సర్లు లేకుండా దాన్ని నడపకూడదు.

మరమ్మతు యార్డులకు ఇవేవీ కుదరవు, ఓడ మొత్తంగా వస్తుంది కాబట్టి. అక్కడ మిగిలేవి పెయింటు ఎంపిక, థిన్నర్ అదుపు, గన్ పద్ధతి. తెరలు కడితే తుంపరలు ఆగుతాయి, ఆవిరి ఆగదు. ఈ తేడా చెప్పకుండా తెరలు కట్టి కాలుష్యం ఆపామనడం తప్పు.

పెయింటుకు ముందు చేసే బ్లాస్టింగ్ ధూళి వేరే సమస్య. ఆరుబయట రాగి స్లాగ్ (రాగి కరిగించాక మిగిలే చిట్టెం) రేణువులతో పాత యాంటీఫౌలింగ్‌ను ఎగరగొడితే ధూళిలో రాగి, పాత ఓడల మీద సీసం, క్రోమియం కూడా ఉండొచ్చు. 2,000 బార్ పైన నీటితో కొట్టే పద్ధతిలో ఆ ధూళి దాదాపు లేనట్టే. కానీ నీరు కొత్త ఉక్కుకు గరుకుదనం ఇవ్వదు, పాత గరుకునే బయటపెడుతుంది. కాసేపట్లోనే ఫ్లాష్ రస్ట్ (పలుచని తుప్పు) పడుతుంది, దాన్ని ఒప్పుకునే పెయింటునే ఎంచుకోవాలి. రాగి కలిసిన ఆ నీటిని పట్టి శుద్ధి చేయకపోతే గాలి కాలుష్యాన్ని హార్బరు నీటిలోకి మార్చినట్టవుతుంది.

ఇవన్నీ తెలిసినా పని జరగని చోట తరచూ కారణం కాంట్రాక్టులో ఉంటుంది. పెయింటు ఓనర్ ఇస్తాడు, కాంట్రాక్టరుకు చదరపు మీటరు లెక్కన డబ్బు వస్తుంది. వృథా ఎవరి జేబుకూ తగలదు. పెయింటు, థిన్నర్ రెండూ కాంట్రాక్టరు లెక్కలోనే ఉండేలా రాసుకుంటే సగం జాగ్రత్తలు వాటంతటవే వస్తాయి. థిన్నర్‌ను స్టోరు నుంచి చీటీ మీదే ఇవ్వాలి, కలపడానికి ఎంత, కడగడానికి ఎంత అని విడిగా రాయాలి. ప్రతి బ్లాకుకూ వాడిన లీటర్లు, పెయింటు గట్టి పదార్థం శాతం, కలిపిన థిన్నర్, కొలిచిన పొడి పొర సగటు ఒకే కాగితం మీద ఉండాలి. ఈ నాలుగు అంకెలుంటే లీటరు గట్టి పదార్థానికి ఎన్ని గ్రాములు గాలిలోకి పోయిందో, 250 అడిగితే 400 మైక్రాన్లు వేసి ఎంత పెయింటు పారబోశారో ఆ సాయంత్రమే తేలుతుంది.